సెల్ఫ్ తీసుకోవడం లేదు

లండన్ నుంచి సిడ్నీ దాకా పాత కారున్నవాడెవడూ నన్ను అడక్కుండా బానెట్ ఎత్తేవాడు కాదు. ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో పెన్నులూ ఇంకు సీసాలూ అమ్ముకునే నేను, పగలంతా దుకాణం చూసుకుని, సాయంత్రమయ్యేసరికి నాలుగు ఖండాల కార్లకు వైద్యం చేసేవాణ్ణి. ఈ మాట బంధువుల పెళ్ళిళ్ళలో చాలాసార్లు చెప్పాను. ఎవరూ కాదనలేదు. ఎవరూ వినలేదు కూడా.

నిజం చెప్పాలంటే, లండన్ నుంచి నన్ను ఏదైనా అడిగినవాడు ఒక్కడే. అదీ కారు గురించి కాదు. డిసెంబరులో హైదరాబాదు వస్తే స్వెట్టర్ కావాలా అని అడిగాడు.

కాని గుంపు ఉన్న మాట నిజం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఇంటర్నెట్టులో అలాంటి గుంపులుండేవి. ఒకరు ఉత్తరం రాస్తే అందులో పేరున్న అందరికీ చేరేది, తోచినవాళ్ళు జవాబు రాసేవాళ్ళు. మా గుంపు యాభైల, అరవైల నాటి ఇంగ్లండు కార్లున్నవాళ్ళది. మా దుకాణం పై అంతస్తులోనే నెట్ సెంటర్. అంతకుముందు అదే గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినావిడే మెషీన్లు అమ్మేసి కంప్యూటర్లు పెట్టింది. ప్లైవుడ్ చెక్కలతో చిన్న చిన్న గదులు, ఒక్కోదానికి పూల కర్టెను. నేను వెళ్ళడం మొదలుపెట్టిన కొత్తల్లో ఆవిడ నా గది ముందే అటూ ఇటూ తిరిగేది.

"అంకుల్, కర్టెన్ జర తీసి పెట్టుకోండ్రి."

"ఎందుకమ్మా, నేనేం చూస్తున్ననని?"

"ఏం చూస్తున్నరో తెల్వకనే తియ్యుమంటున్న."

తీశాను. తెర మీద తుప్పు పట్టిన సైలెన్సర్ బొమ్మ ఒకటి, మెల్లగా పైనుంచి కిందికి దిగుతోంది.

"గిదా?" అంది. నా మీద ఉన్న కాస్త గౌరవం కూడా పోయినట్టే అనిపించింది.

నా కారు తొంభైల మధ్యలో కొన్నాను. ఒక నవాబుగారు తన బేగంని షికారుకు తిప్పిన బండి అది, వెనక సీటుకు పరదా కట్టిన మేకుల గుర్తులు కూడా ఉన్నాయి. కాదు లెండి. నాంపల్లి కోర్టులో వకీలుగారిది. ఆయన దాన్ని నడపలేదు, ఫైళ్ళు పెట్టుకున్నాడు. వెనక సీటు మీద విడాకులు, డిక్కీలో భూమి తగాదాలు. మేకుల గుర్తులు ఆయన క్యాలెండర్ తగిలించుకున్నవి. నేను ఇంటికి తెచ్చుకున్నాక కూడా సీటు కింద ఒక కిరాయి తగాదా దొరికింది, వెనక్కి ఇచ్చి వచ్చాను. నాంపల్లి స్టేషన్ వెనక మేం కిరాయికున్న ఇంటి వాకిట్లో పెట్టుకున్నాను. కంపెనీ పేరు అడక్కండి, అది ఎప్పుడో మూతపడింది.

ఆ బండికి సెల్ఫ్ జబ్బు ఉండేది. సెల్ఫ్ అంటే ఇంజనును లేపే చిన్న మోటారు. మన మెకానిక్కులూ డ్రైవర్లూ దాన్ని అలాగే అంటారు. మీట లాగినప్పుడు ఇంజను కదిలితే "సెల్ఫ్ తీసుకుంది" అంటారు, కదలకపోతే "తీసుకోలేదు" అంటారు. ఇంగ్లీషు మాటే కదా, ఇంగ్లీషువాడికి తెలియకుండా ఎక్కడికి పోతుందని, గుంపులో నా మొట్టమొదటి ఉత్తరం ఇలా కొట్టాను: "మై సెల్ఫ్ ఈజ్ నాట్ టేకింగ్. వెరీ వీక్ సెల్ఫ్. ఎవ్రీ మార్నింగ్ ఫ్యామిలీ ఈజ్ పుషింగ్ ఫ్రమ్ బిహైండ్ అప్ టు స్టేషన్. ప్లీజ్ హెల్ప్."

జవాబులు కుప్పలుగా వచ్చాయి. నిన్ను నువ్వు అంత తక్కువ చేసుకోకు అన్నాడు స్వెట్టర్ అడిగిన ఇంగ్లండాయన. ఆస్ట్రేలియా నుంచి ఒకావిడ, వెన్నంటి ఉండే కుటుంబం దొరకడం అదృష్టమేగాని, రోజూ స్టేషన్ దాకా తోసేస్తున్నారంటే ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడు అని రాసింది. ఇంకొకాయన మంచి డాక్టరుకు చూపించుకోమన్నాడు. బ్యాటరీ సంగతి ఒక్కడైనా ఎత్తుతాడేమోనని చూస్తున్నాను, అందరూ నా మనసు సంగతే రాస్తున్నారు. చివరికి ఆస్ట్రేలియా ఆవిడ చెప్పిందని ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడాను కూడా.

"పొద్దుగాల లేచి తోసేది చాలక ముచ్చట గూడ పెట్టాల్నా?" అంది మా ఆవిడ.

అప్పుడు, గుంపులో ఉంటూ ఎన్నడూ నోరు విప్పని ఒకాయన రెండు ముక్కలు రాశాడు: "ఆయన చెప్పేది స్టార్టర్ మోటారు గురించి. ఆయన ఆత్మ కులాసాగానే ఉన్నట్టుంది."

ఆయనే మెదక్ సారు. ఉండేది సికింద్రాబాదులో, కాని పుట్టి పెరిగింది మెదక్ మిషన్ కాంపౌండులో. బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. వాళ్ళ నాన్న పాస్టరు. దేశం వదిలి వెళ్ళిపోతూ ఒక దొర తన కారు వాళ్ళ నాన్నకు ఇచ్చి వెళ్ళాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ఊళ్ళ మీదికి వెళ్ళి ప్రార్థన చేసి వచ్చిన బండి అది, సారుకు చిన్నప్పుడు అందులోనే నిద్ర. నాది నవాబుది అని చెప్పుకోవాల్సి వచ్చింది గాని, ఆయన బండికి ఏం కల్పించనక్కర్లేదు.

తరువాతి ఆదివారమే ఆయన బస్సు దిగి, సుత్తె ఒకటి సంచిలో వేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు.

"సేట్, దీనికి ఇద్దరు మనుషులు గావాలె. ఒకరు లోపల కూసొని మీట లాగాలె, ఒకరు కింద పండుకొని మోటారును సుత్తె కట్టెతోని జర తట్టాలె. లాగుడు, తట్టుడు ఒక్కపారే పడాలె."

"మీకెందుకు సార్ శ్రమ, కింద నేను పడుకుంటా."

"మీరు కొడితే సెల్ఫ్ లేవది, ఇంజన్ ఊడుతది. లోపల కూసోండ్రి."

కూర్చున్నాను. "ఆఁ" అన్నాడు కిందనుంచి. లాగాను. సెల్ఫ్ తీసుకుంది. వాకిట్లో పొగ నిండిపోయింది. వీధిలోవాళ్ళంతా చప్పట్లు కొట్టారు... ఎదురింటామె ఆరేసిన బట్టలు తీసుకుంటూ తిట్టింది.

ఆ సంగతి సారు గుంపులో రాశాడు. ఇంగ్లండాయనకు సెల్ఫ్ తీసుకోవడమన్న మాట తెగ నచ్చింది. మరుసటి ఆదివారం తన కారు స్టార్టయ్యాక "సెల్ఫ్ టేకెన్" అని ఒక్క ముక్క రాశాడు. దాని కింద ఆస్ట్రేలియా ఆవిడ "సెల్ఫ్ టేకెన్". కింద సారు. కింద నేను. అదే ఆనవాయితీ అయిపోయింది. ఆదివారం ఎవరి బండి వాళ్ళు ఒకసారి లేపాలి, లేచిందని రాయాలి. లేవకపోతే లేవలేదని రాస్తే, సోమవారానికల్లా వంద సలహాలు. బండిని వారానికి ఒక్కసారి లేపకపోతే పాడవుతుంది, గుంపు కూడా అంతే అనేవాడు సారు.

బాగా నడిచిన రోజుల్లో హైదరాబాదువాళ్ళమే ఒక జట్టుగా తయారయ్యాం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ కార్ల పుస్తకాలు ఏరుకుని, చాయ్ తాగి, బండ్లెక్కి బయలుదేరేవాళ్ళం. ఒకసారైతే నలభై కార్లు వరసగా ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా వెళ్ళాయి. ట్రాఫిక్ పోలీసు పక్కకు జరిగి సెల్యూట్ కొట్టాడు.

నాలుగు కార్లు. అందులో ఒకదాన్ని ఇంకొకటి తాడు కట్టి లాగుతోంది. పోలీసు ఎత్తిన చెయ్యి ఆగమని. అయినా ఆ రోజును ఇప్పుడు తలుచుకునేటప్పుడు నలభై కార్లే కనిపిస్తాయి, నా కళ్ళను నేనేం చెయ్యను.

తరువాత పల్చబడటం మొదలైంది. ఎప్పుడు మొదలైందో గుర్తుపట్టలేదు, గుంపులో ఎవడూ నేను పోతున్నానని చెప్పి పోడు. ఇంగ్లండాయన కారు అమ్మేశానని రాశాడు, అమ్ముకున్నవాడికి ఇక్కడేం పని. ఆస్ట్రేలియా ఆవిడ, ఫోటోలు పెట్టుకునే కొత్త సైటు ఏదో వచ్చిందని అక్కడికి పోయింది, మమ్మల్నీ రమ్మంది. వెళ్ళి చూశాను. అక్కడున్న కార్లన్నీ కడిగి తుడిచి నిలబెట్టినవే. ఒక్కదాని సెల్ఫూ చెడిపోలేదు. "బాగుంది", "ఎంత బాగుంది" అనడం తప్ప అక్కడ మాటే లేదు. చెడిపోనివాటి గురించి మాట్లాడుకోవడానికి ఏముంటుంది? మళ్ళీ పోలేదు.

మా తప్పూ ఉంది. కొత్తగా చేరినవాడు ఏదడిగినా, "పాత ఉత్తరాల్లో ఉంది, వెతుక్కో" అనేవాళ్ళం. వెతుక్కున్నారో లేదో తెలియదుగాని మళ్ళీ అడగలేదు. గుంపు తెరిస్తే, నీకు లాటరీ తగిలిందనే ఉత్తరాలు, మగతనం మందుల ఉత్తరాలు. వాటి మధ్య ఎక్కడో సారు రాసిన "సెల్ఫ్ టేకెన్". దాని కింద నాది. పేర్ల పట్టీలో మాత్రం వందలమందిమి అలాగే ఉన్నాం.

పైన నెట్ సెంటరూ చిక్కిపోయింది. ఇళ్ళలో కంప్యూటర్లు వచ్చాయి. ఆవిడ గదులు ఒక్కొక్కటే పీకించి జిరాక్స్ మెషీను పెట్టింది, రైలు టికెట్లు చేయడం మొదలుపెట్టింది. కర్టెన్లు పోయాయి. నాకోసం మూలన ఒక కంప్యూటరు ఉంచింది.

"అంకుల్, మీ కార్ల సంఘంల ఇంక ఎందరున్నరు?"

"వందల మంది ఉన్నరమ్మా."

"మరి రాసేటోళ్ళు?"

"నాకు టైము ఇచ్చేది ఉందా లేదా?" అన్నాను.

ఇంతకీ నా బండి సంగతి. ఇంటి యజమాని వాకిట్లో గదులు వేస్తానన్నాడు, బండికి చోటు పోయింది. సినిమావాళ్ళు వచ్చి షూటింగుకని కొనుక్కుపోయారని దుకాణంలో అందరికీ చెప్పాను. పాత ఇనుప సామాన్లాయన ట్రాలీ ఆటోకు కట్టి లాక్కుపోయాడు. పోతూ పోతూ ఒక డోరు మూలమలుపు దగ్గర ఊడి పడితే, నేనే ఎత్తి ఇచ్చాను.

బండి పోయింది, ఆదివారం మాత్రం వచ్చింది. సారు "సెల్ఫ్ టేకెన్" అని రాశాడు. దాని కింద నేనూ రాశాను. రాయకపోతే ఆయన ఒక్కడే మిగిలిపోతాడని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. రాయడం మానేస్తే నేను ఉత్త పెన్నుల దుకాణంవాణ్ణి. అప్పటికి సారుకు మోకాళ్ళ నొప్పులు, నాంపల్లి వైపు రావడం మానేశాడు, కాబట్టి అడిగేవాళ్ళూ లేరు. ఆదివారం తరువాత ఆదివారం, లేని బండిని లేపుతూ పోయాను.

ఒక చలికాలం సారు పెద్ద ఉత్తరం రాశాడు, గుంపుకే. భార్యా తనూ చర్చి దగ్గర మేడ మీద చిన్న ఫ్లాటుకు మారుతున్నారు, అక్కడ బండి పెట్టే చోటు లేదు. నాన్న బండి, నడిపేవాడి చేతికే పోవాలి అన్నాడు. రెండు బేరాలు వచ్చాయట. మైసూరు వైపు ఒకాయన నడుపుకుంటాను, మా పిల్లలను ఎక్కించుకుని తిరుగుతానన్నాడు. లక్డీకాపూల్‌లో ఒక హోటలువాళ్ళు గేటు ముందు అలంకారానికి కావాలన్నారు, ఇంజను తీసేసి లోపల పూలకుండీలు పెడతారట. మైసూరాయన పెట్టిన షరతు ఒక్కటే: హ్యాండిల్ కొట్టి తిప్పే బండయితే వద్దు, వచ్చి చూసినప్పుడు సెల్ఫ్ మీద లేవాలి.

"తప్పకుండా లేస్తుంది సార్" అని రాశాను. లేని బండినే లేపుతున్నవాణ్ణి, ఉన్నదానికి భరోసా ఇవ్వలేనా.

అంతలో నాంపల్లి మైదానంలో ఏటా పెట్టే ఎగ్జిబిషన్ మొదలైంది. నాంపల్లిలో ఇల్లున్నవాడికి ఎగ్జిబిషన్ రోజుల్లో ఇల్లుండదు, చుట్టాలుంటారు. మా ఆవిడ తరఫు వాళ్ళను తిప్పడం, తప్పిపోయినవాళ్ళను మైకులో పిలిపించడం, ఇలా నా ఆదివారాలు మైదానంలోనే గడిచిపోయాయి. పైన నెట్ సెంటర్‌కు ఎక్కలేదు. ఎక్కకపోతే ఏమవుతుంది, ఒక్క అబద్ధం తగ్గుతుంది అనుకున్నాను.

చుట్టాలు రైలెక్కాక ఒక సాయంత్రం తెరిచాను. లాటరీల కింద సారు ఉత్తరం ఉంది, పోయిన వారానిది. ఇంగ్లీషులో మూడే ముక్కలు: "సెల్ఫ్ తీసుకోవడం లేదు. శనివారం తీసుకుపోవడానికి వస్తున్నారు. ఒక మనిషి కావాలి."

కింద జవాబు లేదు.

జిరాక్స్ చేస్తున్నావిడ వెనకనుంచి చదివింది. "అయ్యో. ఎవరంకుల్, గింత ఘోరంగ రాసిన్రు? ఎవరన్న పోతున్నరా?"

"పోవడం కాదమ్మా, సెల్ఫ్ అంటే..." అని నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగింది. సారు వయసు గుర్తొచ్చింది, మోకాళ్ళు గుర్తొచ్చాయి. పోయినసారి అంత పెద్ద ఉత్తరం రాసిన మనిషి, ఇప్పుడు మూడే ముక్కలు. ఒక మనిషి కావాలి అంటాడేమిటి? ఆవిడ చదివినట్టే చదివితే, అక్కడ కారన్న మాటే లేదు.

కింద బండి మీద బత్తాయిలు కొని, సికింద్రాబాదు బస్సెక్కాను. దారి పొడుగునా ఏం మాట్లాడాలో తయారు చేసుకున్నాను, ప్రభువు దయ వల్ల అంతా సర్దుకుంటుందని కూడా. నేనెన్నడూ చర్చి మెట్లెక్కినవాణ్ణి కాదు.

సారు వరండాలో పుస్తకాలకు తాళ్ళు కట్టి మూటలు పెడుతున్నాడు, ఇల్లు మారే పనిలో. మనిషి దిట్టంగా ఉన్నాడు. నా చేతిలో సంచి చూశాడు.

"ఏంది సేట్, బత్తాయిలు? నేను దవాఖానల ఉన్ననా?"

"మీరు సెల్ఫ్ తీసుకోవడం లేదని రాస్తే..."

ఒక్క క్షణం అర్థం కాలేదు ఆయనకు. అర్థమయ్యాక నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మీరు గూడ ఇంగ్లండోళ్ళు అయిపోయిన్రా?"

వరండా పక్కన షెడ్డు తలుపులు తీసే ఉన్నాయి. లోపల నేల మీద నల్లటి నూనె మరక, దాని మీద పోసిన ఇసుక. అంతే.

"మైసూరాయనా?" అన్నాను.

"హోటలోళ్ళు." తాడు పళ్ళతో బిగించి ముడి వేశాడు. "ఆ మైసూరాయన అన్నట్టే శనారం వచ్చిండు. సెల్ఫ్ మొండికేసింది. తడితే లేస్తదని నాకెరుక. గని లోపల లాగెటోడు గావాలె గద. మా ఇంటామెకు మీట లాగే బలం లేదు. వచ్చినాయననే లాగుమంటే, తడితేగాని లేవని బండని తెలిసిపోతది. అందుకని మీటకు తాడు గట్టి, కిటికీల నుంచి తీసుకొని, నేనే కిందికి పోయిన. ఒక చేత్తోని తాడు లాగుడు, ఒక చేత్తోని తట్టుడు."

ఆ మోకాళ్ళతో, ఈ వయసులో.

"లేవలేదా?"

"ఎందుకు లేవలే? ఒక్కపారి లేసింది సేట్! మంచిగ లేసింది. గప్పుడే ఆయనకు ఫోనొచ్చింది, గేటు అవుతల నిలబడి గట్టిగ మాట్లాడుతుండు, ఇనలే. నేను కిందికెల్లి బయటికి వచ్చేలోపు ఆగిపోయింది. మళ్ళ లాగితే తాడు తెగింది." తెగిన ముక్క ఎంతుందో చేతులతో చూపించాడు. "ఆయన మంచోడే. ఏమనలే. బట్టలకు మట్టయ్యింది సార్ అని దులిపి పోయిండు."

"సార్, నాకు ఒక్క ఫోన్ చేస్తే రెక్కలు కట్టుకుని వచ్చేవాణ్ణి కదా. దుకాణం నంబరు మీ దగ్గర ఉంది."

"ఉన్నది. ఫోన్ జేస్తే మిమ్మల్ని ఒక్కరినే అడిగినట్టు. గాడ రాస్తే అందరిని అడిగినట్టు." మూట పక్కకు జరిపాడు. "పట్టీల ఇన్ని పేర్లున్నయి, ఒక్క మనిషి రాడా అని చూసిన."

ఎగ్జిబిషన్ అని చెబితే మైదానంలో జెయింట్ వీల్ ఎక్కి ఉన్నానని చెప్పినట్టే. లోపలినుంచి అమ్మగారు చాయ్ పంపారు, నా బత్తాయిలే వలిచి పళ్ళెంలో పెట్టారు.

సారు ఒక తొన నోట్లో వేసుకుని, మామూలుగా అయ్యాడు. "సరే, అయ్యిందేదో అయ్యింది. మీ బండి ఎట్లున్నది? ఈ నెల దప్ప ఇన్ని ఏండ్లు ఒక్క ఆదివారం తప్పలే మీది, రాతి సెల్ఫ్."

"ఒక్క లాగుడుకే లేస్తుంది సార్." నోటికి అలవాటైన మాట, దానంతటదే వచ్చేసింది.

"అయితే ఈ ఆదివారం నేనొస్త. సుత్తె నా దగ్గర్నే ఉన్నది. జర మోటారు విప్పి కడిగి పెడ్త. నాకు ఇంక చేతికి పనేమున్నది." ముఖం వెలిగింది. "మీ వాకిట్ల చాయ్ నేను మర్చిపోలే. ఆ ఎదురింటామె ఉన్నదా ఇంకా, బట్టలామె?"

ఇంకా ఒక అబద్ధం అల్లడానికి నాకు ఎక్కువసేపు పట్టేది కాదు. బండి షూటింగుకు పోయిందని అనొచ్చు. వర్క్‌షాపులో ఉందనొచ్చు. ఆయన అప్పటికే ఆదివారం ఏ బస్సు ఎక్కాలో భార్యను అడుగుతున్నాడు.

"సార్, బండి లేదు."

"ఏంది?"

"పోయింది. పాత ఇనుముకు. రెండేళ్ళ పైనే అయింది."

చాయ్ కప్పు కింద పెట్టాడు. "మరి ఆదివారం ఆదివారం రాసిన్రు గద. టేకెన్ అని."

"రాశాను."

బళ్ళో ఎన్నో ఏళ్ళు పనిచేసినవాడు కదా, తిడతాడేమోనని చూశాను. తిట్టినా బాగుండేది.

"నొప్పులున్నప్పుడు ఎన్నోపార్లు అనుకున్న, ఈ వారం లేపక్కర లేదు, అమ్మేద్దామని. అప్పుడే ఒకాయన నడుపుకుంట ఇయ్యిమని వచ్చిండు గూడ. మీదేమో తీసుకున్నదని రాస్తిరి. సేటు ఒక్కడే మిగిలిపోతడు గద అని ఆయన్ను పంపించిన." షెడ్డు వైపు చూడకుండా పుస్తకాల మూట మీద చెయ్యి వేశాడు. "గట్లనా. మంచిది."

లేచాను. ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచి గేటు దాకా వచ్చాడు, రావద్దన్నా వినకుండా. బస్సు స్టాపు ఎటో చెప్పాడు, నాకు తెలిసినదే. నేను గేటు బయటికి వచ్చాక, ఏదో గుర్తొచ్చినట్టు పిలిచాడు.

"సేట్."

"చెప్పండి సార్."

"ఈ ముచ్చట మాత్రం గుంపుల రాయకండ్రి. ఎవరన్న చదువుతరేమో."

రాయనని మాట ఇచ్చి, గేటు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాను.